తీరిన ఋణం, తీరని కృతజ్ఞత

క్రైస్తవ భక్తి వాఙ్మయమంతా ప్రధానంగా రెండు భావాల చుట్టూ అల్లుకొని ఉన్నది. అవి విమోచన, కృతజ్ఞత. మొదటిది దైవం మానవునికి చేసిన ఉపకారం. రెండవది ఆ ఉపకారానికి మానవ హృదయం పలికే మారుపలుకు. ఈ భావాలు రెండూ తెలుగు మాటలలో నిలదొక్కుకొనేసరికి వాటి నడుమ ఒక వైరుధ్యం పొడసూపింది. విమోచన అంటే బాకీ చెల్లిపోయి, కట్టు విడిపోవడం. కృతజ్ఞత చెప్పవలసి వచ్చినప్పుడో, తెలుగువాడి నోట సహజంగా వచ్చే మాట "మీకు ఋణపడి ఉన్నాను" అని. బాకీ చెల్లినవాడు మళ్ళీ ఋణపడి ఉండడ మెట్లా? ఋణపడి ఉన్నవాడికి విడుదల కలిగిందనడ మెట్లా?

ఇది మాటల చమత్కారం కాదు. విశ్వాసి జీవితం ఏ దారిన నడవాలన్నది ఈ ప్రశ్నకు ఇచ్చే సమాధానం మీద ఆధారపడి ఉన్నది. బాకీ చెల్లిందన్న ధైర్యం మాత్రమే మిగిలితే భక్తి నిర్లక్ష్యంగా పరిణమిస్తుంది. బాకీ ఇంకా ఉన్నదన్న దిగులు మాత్రమే మిగిలితే భక్తి వెట్టిచాకిరీగా పరిణమిస్తుంది. తెలుగు క్రైస్తవ కవులు, అనువాదకులు ఈ రెండు ప్రమాదాల మధ్య నుండి ఎట్లా దారి తీశారన్నది సాహిత్య విద్యార్థికి పరిశీలింపదగిన విషయం. ఆ పరిశీలనకు అండమాను దీవులలోని రంగత్ అనే చిన్న ఊరు అనువైన చోటు. విడుదల, ఋణం, దాటడం అనే మాటలకు అక్కడి చరిత్రలో వాచ్యార్థమే ఉన్నది.

రంగత్ మధ్య అండమానులో తూర్పు తీరాన ఉన్నది. 2024లో శ్రీ విజయపురమని పేరు మార్చుకొన్న పోర్టుబ్లెయిరు నుండి రోడ్డు మార్గాన సుమారు 170 కిలోమీటర్ల దూరం. ఈ దీవుల పేరు వింటే తెలుగువారికి చిరకాలం స్ఫురించినది ద్వీపాంతరవాస శిక్ష. 1858 మార్చిలో తొలి ఖైదీల ఓడ వచ్చింది. 1857లో హైదరాబాదు రెసిడెన్సీ మీద జరిగిన దాడిలో పాల్గొన్న మౌల్వీ అలావుద్దీనును ఇక్కడికే పంపారు. 1922-24 నాటి రంప తిరుగుబాటులో శిక్షపడినవారిలో కొందరు ఈ దీవులకే వచ్చారు. శిక్షాకాలంలో కొంతభాగం మంచి నడవడితో గడిపిన ఖైదీలకు చీటీ ఇచ్చి, సొంతంగా సేద్యం చేసుకొని బ్రతికే వీలు కల్పించే పద్ధతి ఆనాటి పాలనలో ఉండేది. ఆ చీటీ చేతికి వచ్చినవాడు గొలుసు వదిలించుకొన్నవాడే గాని సముద్రం దాటి ఇల్లు చేరలేడు. సగం విడుదల ఎట్లా ఉంటుందో ఆ తరం మనుషులకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

ఖైదీల తరువాత ఇతరులు వచ్చారు. 1918 నుండి అడవి పనులకై ఛోటానాగపురం కొండజాతుల వారిని తెచ్చారు. వారిని ఈ దీవులలో రాంచీవారని పిలుస్తారు. వారిలో అనేకులు అప్పటికే క్రైస్తవులు. దేశ విభజన తరువాత తూర్పు బెంగాలు శరణార్థులకు 1949 నుండి దీవులలో భూములిచ్చి స్థిరపరచారు. రంగత్ పరిసరాలు ఆ విధంగా జనావాసాలైనవే. బ్రతుకుతెరువు వెతుక్కొంటూ శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుండి తెలుగువారు వచ్చారు. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవులలో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం, క్రైస్తవులు సుమారు 21 శాతం. బంగాళీ, హిందీ, తమిళం, సాద్రి, తెలుగు కలిసి వినబడే ఇట్టి చోట ప్రార్థనలోని ప్రతి మాటా పక్క భాషలోని మాటకు ఆనుకొని నిలబడవలసి ఉంటుంది. అందుచేత దాని అర్థం కూడ మరింత స్పష్టంగా తేలుతుంది.

మొదట విమోచన అనే మాటను తీసుకొందాం. దీని ధాతువు "ముచ్". ముక్తి, మోక్షం అనే మాటలు పుట్టినదీ ఆ ధాతువు నుండే. కాని మోక్షమనగానే తెలుగు పాఠకుడికి జన్మపరంపర నుండి విడుదల స్ఫురిస్తుంది; దానికి సాధనాలు జ్ఞానం, భక్తి, వైరాగ్యం. బైబిలు అనువాదకులు ఆ మాటను వదలిపెట్టి విమోచనను చేపట్టడంలో వివేకం కనిపిస్తుంది. దానికి వారు "క్రయధనం" అనే మాటను జోడించారు. గ్రీకు మూలంలో ఉన్న మాట "లుత్రోన్". బానిసను గాని యుద్ధ ఖైదీని గాని విడిపించడానికి చెల్లించే సొమ్మును ఆ మాట చెబుతుంది. క్రయం అంటే కొనడం. విమోచన క్రయధనమనే సమాసంలో సంత ఉన్నది, బానిస ఉన్నాడు, వెల ఉన్నది. మోక్షం ఒకరు సాధించుకొనేది; విమోచన మరొకరు చెల్లించి తెచ్చేది. ఆ తేడాను తెలుగులో నిలబెట్టినది ఈ పదనిర్మాణమే.

దీని వెనుక హీబ్రూ సంప్రదాయం ఒకటి ఉన్నది. దారిద్ర్యం చేత పొలం అమ్ముకొన్నవాడి తరఫున దానిని తిరిగి కొని ఇచ్చే బాధ్యత దగ్గరి బంధువుది. తనను తానే అమ్ముకొన్నవాడిని విడిపించే హక్కూ అతనిదే. లేవీయకాండం 25వ అధ్యాయం ఈ ధర్మాన్ని వివరిస్తుంది. రూతు గ్రంథం దానిని కథగా చెబుతుంది. ఆ బంధువును హీబ్రూలో "గోయేల్" అంటారు. యోబు గ్రంథంలో దేవునికే ఆ పేరు వర్తించింది. తెలుగులో "విమోచకుడు" అన్నప్పుడు వెల చెల్లించేవాడు స్ఫురిస్తాడు గాని బంధువు స్ఫురించడు. అనువాదంలో జారిపోయిన ఈ బంధుత్వం కృతజ్ఞతను గురించి చెప్పేచోట మళ్ళీ అవసరమవుతుంది.

వెల చెల్లించారన్నప్పుడు ఎవరికి చెల్లించారన్న ప్రశ్న తప్పదు. ప్రాచీన క్రైస్తవాచార్యులు దీనిమీద ఏకాభిప్రాయానికి రాలేదు. నాల్గవ శతాబ్దంలో నీసా గ్రెగొరీ, మానవుడు సాతాను వశంలో ఉన్నాడు గనుక వెల అతనికే చెల్లిందని భావించాడు. అతని మిత్రుడైన నాజియాన్జస్ గ్రెగొరీ ఆ అభిప్రాయాన్ని నిరసించాడు. దొంగకు దేవుడు సొమ్ము చెల్లించడ మేమిటని అతని ఆక్షేపణ. పదకొండవ శతాబ్దం చివర అన్సెల్మ్, మానవుని అపరాధం వల్ల దైవగౌరవానికి కలిగిన లోటు ఎట్లా పూడుతుందన్న తర్కంతో మరొక వివరణ ఇచ్చాడు. తరువాతి తరంలో అబెలార్డ్, సిలువ మీద ప్రకటితమైన ప్రేమ చూచి మానవ హృదయం కరగడమే విమోచన సారమని చెప్పాడు. 1931లో స్వీడన్ పండితుడు గుస్తాఫ్ ఔలెన్ వీటన్నిటినీ పరిశీలించి, మృత్యువు మీద క్రీస్తు సాధించిన విజయమే తొలినాటి క్రైస్తవుల భావనకు కేంద్రమని ప్రతిపాదించాడు. ఈ వాదాలలో దేనికదే సత్యంలో ఒక పార్శ్వాన్ని చూపుతుంది. అయితే గానంలోకి వచ్చేసరికి సామాన్య విశ్వాసి ఎవరికి చెల్లిందని అడగడు. తన తరఫున ఎవరు చెల్లించారన్నదే అతని పాట.

ఇక ఋణం. క్రీస్తు నేర్పిన ప్రార్థన మత్తయి, లూకా సువార్తలు రెండింటిలోనూ ఉన్నది. మత్తయిలో క్షమాపణ కోరవలసినది ఋణాలకు, లూకాలో పాపాలకు. క్రీస్తు మాట్లాడిన అరమాయికు భాషలో "హోబా" అనే ఒకే మాటకు అప్పు, అపరాధం అనే రెండర్థాలూ ఉండడమే దీనికి కారణం. తెలుగు ప్రొటెస్టంటులు ఆ ప్రార్థనలో "ఋణం" అంటారు. తెలుగు కథోలికులు "అప్పు" అంటారు. ఈ రెండు మాటల మధ్య ఉన్న దూరం సాహిత్యకారుడు గమనింపదగినది. ఋణమనే మాటకు వేదకాలపు గాంభీర్యం ఉన్నది. బ్రాహ్మణుడు దేవతలకు, ఋషులకు, పితృదేవతలకు ఋణపడి పుడతాడన్న తైత్తిరీయ సంహిత భావన దాని వెనుక నిలిచి ఉన్నది. అప్పు అనే మాటకు ఆ గాంభీర్యం లేదు. అది సావుకారు ఖాతాలోని మాట. పడవకూ వలకూ ముందుగా సొమ్ము తీసుకొని, పట్టిన చేపను ఆ ఇచ్చినవాడికే వేయవలసిన మత్స్యకారుడికి ఆ మాట విడమరచి చెప్పనక్కరలేదు. తన అప్పు కొట్టివేయబడిందంటే అతనికి కలిగే ఊరట వేదాంత గ్రంథాలలో దొరకదు.

సువార్తలలో ఈ అప్పు రెండు కథలుగా వచ్చింది. ఒకటి మత్తయిలోనిది. పదివేల తలాంతులు బాకీపడిన దాసుడిని రాజు మన్నిస్తాడు. ఆ దాసుడు బయటికి వచ్చి, తనకు నూరు దేనారాలు ఇవ్వవలసిన తోటివాడి గొంతు పట్టుకొంటాడు. దేనారం ఆనాటి కూలివాడి ఒకరోజు కూలి. తలాంతు సుమారు ఆరువేల దేనారాలు. అంటే దాసుడికి మాఫీ అయిన బాకీ అతడు ఎన్ని జన్మలెత్తినా తీర్చలేనిది. అతడు వసూలు చేయబోయినది మూడునెలల కూలి. రెండవ కథ లూకాలోనిది. ఐదువందల దేనారాలు, ఏభై దేనారాలు బాకీపడిన ఇద్దరినీ అప్పులవాడు క్షమించాడు; వారిలో ఎవడు అతన్ని ఎక్కువగా ప్రేమిస్తాడని క్రీస్తు అడుగుతాడు. మొదటి కథలో కృతజ్ఞత లేకపోవడం తోటివాడి మెడ దగ్గర బయటపడింది. రెండవ కథలో కృతజ్ఞత ప్రేమగా పరిణమించింది. ఈ రెండు కథలనూ కలిపి చదివితే ప్రారంభంలో చెప్పిన వైరుధ్యానికి సమాధానం ఎటు ఉన్నదో కొంత తెలుస్తుంది.

తెలుగువారికి ఈ భావం పరాయిది కానక్కరలేదు. రంగత్ చుట్టూ ఉన్న పల్లెల పేర్లు వినేవారికి అది వెంటనే తోస్తుంది. శరణార్థులు స్థిరపడిన ఆ ప్రాంతంలో పంచవటి, పర్ణశాల, శబరి, దశరథపూర్, ఊర్మిళాపూర్ అనే పేర్లు ఉన్నవి. ఇల్లు విడిచి అడవి చేరినవారి ఊళ్ళకు రామాయణం పేర్లిచ్చింది. పర్ణశాల, శబరి అన్నప్పుడు తెలుగువాడి మనస్సు భద్రాచల ప్రాంతానికి పోకమానదు. భద్రాచలమంటే రామదాసు. కంచర్ల గోపన్న పాల్వంచ పరగణా తహసీలుదారుగా ఉండి, సర్కారు సొమ్ముతో రామాలయం కట్టించి, తానీషా ఆజ్ఞచేత గోలకొండ ఖైదులో పడ్డాడు. ఆరు లక్షల వరహాల బాకీని రామలక్ష్మణులే సేవకుల వేషంలో వచ్చి తానీషాకు చెల్లించి, రసీదు పుచ్చుకొని, అతన్ని విడిపించారని గాథ.

చెరసాల, తీర్చలేని బాకీ, దైవమే వచ్చి చెల్లించడం, చేతికి రసీదు అందడం! విమోచన క్రయధనానికి తెలుగు గడ్డమీద ఇంతకంటె దగ్గరి ఉపమానం దొరకదు. కొలొస్సయులకు వ్రాసిన పత్రికలోనూ మానవునికి విరోధంగా ఉన్న ఋణపత్రం సిలువకు కొట్టబడి రద్దయిందన్న చిత్రం ఉన్నది. అయినా ఈ రెండూ ఒకటి కావు. గోపన్న బాకీ దైవసేవలో చేసిన ఖర్చు. అతని తప్పులో కూడ భక్తి ఉన్నది. క్రైస్తవం చెప్పే బాకీ మానవుడు దైవానికి విముఖుడై చేసుకొన్నది. అక్కడ చెల్లినవి వరహాలు. ఇక్కడ చెల్లినది ప్రాణం. ఈ భేదాన్ని మరచి రెండింటినీ కలిపివేయడం రెండింటికీ అన్యాయం.

కాని రామదాసు గాథ చివర ఒక ఘట్టం ఉన్నది. విడుదల అయిన తరువాత గోపన్నకు కలిగినది ఉపశమనం కాదు, దుఃఖం. తన స్వామి తానీషాకు దర్శనమిచ్చి తనకు ఇవ్వలేదన్నది ఆ దుఃఖం. బాకీ తీరింది, తలుపు తెరుచుకొన్నది. అయినా అతనికి కావలసినది రసీదు కాదు, చెల్లించినవాడి ముఖం. కృతజ్ఞతకు నిజమైన మూలం ఇక్కడ ఉన్నది. ఉపకారాన్ని దాటి ఉపకారిని కోరడమే కృతజ్ఞత. ఈ విషయంలో భద్రాచల గాథా, తెలుగు క్రైస్తవ కీర్తనా ఒకే మనోధర్మాన్ని పంచుకొంటున్నవి.

ఆ కీర్తనకు ఆద్యులలో అగ్రగణ్యుడు పురుషోత్తమ చౌదరి. ఆయన 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో జన్మించాడు. వంగదేశం నుండి వచ్చి స్థిరపడిన బ్రాహ్మణ కుటుంబం వారిది. 1833లో క్రైస్తవం స్వీకరించి, 1890లో మరణించే వరకు ఉత్తర కోస్తాలో బోధకుడుగా సంచరించాడు. 1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషనరీలు, శ్రీరాంపూరు అనువాదకులు అప్పటికే తెలుగులో బైబిలు అనువాదానికి పూనుకొని ఉన్నారు. 1812లో మూడు సువార్తలు, 1818లో కొత్త నిబంధన అచ్చయినవి. అచ్చులో ఉన్న ఆ గద్యం పండితుడికీ పామరుడికీ కూడ నోట పలికేది కాదు. చౌదరి పల్లవి, అనుపల్లవి, చరణాలతో, రాగతాళాలతో కీర్తనలు వ్రాశాడు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల సంపుటంలో నేటికీ ఒక్కొక్క కీర్తన తలపైన రాగతాళాల పేర్లు కనబడడానికి ఆయన వేసిన బాటే ప్రధాన కారణం. అండమానులోని తెలుగువారిలో పెక్కుమంది ఏ తీరం నుండి వచ్చారో ఆ తీరమే ఆయన సంచరించిన సీమ.

ఆయన రచనలలో "నిస్తార రత్నాకరము" ఒకటి. ఆ శీర్షికలోని మొదటి మాట ఆలోచింపదగినది. నిస్తారమంటే దాటడం, దరిచేరడం, తరించడం. వంగభాషా క్రైస్తవ రచనలలో ఈ మాట స్థిరపడింది; ఇశ్రాయేలీయులు ఐగుప్తు దాస్యం నుండి బయటపడిన రాత్రిని స్మరించే పండుగను బంగాళీ బైబిలు "నిస్తార పర్వం" అంటుంది. తెలుగు బైబిలులో దానికి పస్కాపండుగ అని పేరు. నిస్తారం తెలుగు క్రైస్తవుల నిత్యవ్యవహారంలో నిలువలేదు. రక్షణ, విమోచన నిలిచినవి. రత్నాకరమంటే సముద్రమని కూడ అర్థం. బంగాళీవారూ తెలుగువారూ పొరుగిళ్ళలో ఉండే రంగత్‌లో, అందరూ సముద్రం దాటి వచ్చినవారే అయిన చోట, ఆ పాత శీర్షికకు కొత్త వెలుగు వస్తుంది. విమోచనలో విడిచిన గొలుసు కనిపిస్తుంది. నిస్తారంలో చేరవలసిన దరి కనిపిస్తుంది. చీటీ అందినా ఇల్లు చేరని ఖైదీకి మొదటిది దొరికింది, రెండవది దొరకలేదు. క్రైస్తవ విశ్వాసం ఈ రెండింటినీ ఒకే కార్యంగా భావిస్తుంది.

విమోచనకు ప్రతిధ్వని కృతజ్ఞత. కృతాన్ని ఎరిగి ఉండడమని దాని వ్యుత్పత్తి. దీనికి విరుద్ధమైన మాట కృతఘ్నత. చేసిన మేలును చంపివేయడం. సంస్కృతం ఈ జంటలో గొప్ప నీతిని దాచి ఇచ్చింది. మేలు ఎరిగితే బ్రతుకుతుంది, మరిస్తే చస్తుంది. తెలుగు ఇళ్ళలో మాటిమాటికీ ధన్యవాదాలు చెప్పుకొనే ఆచారం పూర్వం లేదు. పెద్దలు "చల్లగా ఉండు" అని దీవించేవారు. చిన్నలు ముఖంతోనే చెప్పేవారు. క్రైస్తవ సమాజం ఈ మౌనానికి "స్తోత్రం" అనే మాటనిచ్చింది. ఇల్లు కట్టుకొన్నా, జబ్బు నయమైనా, బిడ్డకు ఉద్యోగం వచ్చినా కృతజ్ఞతా కూటం ఏర్పాటు చేసి, బంధుమిత్రులను పిలిచి, సాక్ష్యం చెప్పి, భోజనం పెట్టడం ఆచారమైంది. కోతపండుగనాడు తొలి పంటను గుడికి తెస్తారు.

ఈ ఆచారంలో సౌందర్యమున్నది, ప్రమాదమూ ఉన్నది. అందిన మేళ్ళను లెక్కవేయడం అలవాటైతే, మేళ్ళు అందినంతకాలమే కృతజ్ఞత నిలుస్తుంది. ఈ శంక కొత్తది కాదు. 1876-78 కరవుకాలంలో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కంట్రాక్టుకు తీసుకొని వేలమందికి పని కల్పించాడు. సహాయం సాగినంతకాలం ఎవరికీ బాప్తిస్మమివ్వలేదు. గింజల కోసం మతం పుచ్చుకొన్నారన్న మాట రాకూడదన్నది అతని సంకల్పం. సహాయం నిలిచిన తరువాత 1878 జూలై 3న ఒక్కరోజునే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు. తినిపించిన చేయి తీసివేసిన తరువాత కూడ మిగిలినదే కృతజ్ఞత అని ఆ నిరీక్షణ చెబుతున్నది. వారు కోరిన విమోచనలో ఆకలి నుండి విడుదలతోపాటు అవమానం నుండి విడుదల కూడ ఇమిడి ఉన్నది.

ఆ రెండవ విడుదలను తెలుగు కవిత్వంలో ప్రతిష్ఠించినవాడు గుఱ్ఱం జాషువ. 1895లో వినుకొండలో జన్మించి, అస్పృశ్యతను అడుగడుగునా అనుభవించి, 1941లో గబ్బిలం చేత శివునికి సందేశం పంపిన కవి, చివరిదశలో క్రీస్తు చరిత్రను కావ్యంగా వ్రాశాడు. 1964లో దానికి సాహిత్య అకాడెమీ పురస్కారం లభించింది. దైవప్రేమను పొగడుతూ మానవ ద్వేషాన్ని సహించే స్తోత్రం జాషువ దృష్టిలో స్తోత్రం కాదు. పదివేల తలాంతుల మాఫీ పొంది నూరు దేనారాలకై గొంతు పట్టుకొన్న దాసుడు ఆయనకు కులం గల సమాజంలో ప్రతి వీధిలోనూ కనిపించాడు.

కృతజ్ఞతకు అగ్నిపరీక్ష ఆపద తప్పినప్పుడు జరుగుతుంది. 2014 అక్టోబరులో అండమాను సముద్రంలో పుట్టిన వాయుగుండం తుపానుగా మారుతూ, 8వ తేదీ ఉదయం రంగత్‌కు సమీపాన ఉన్న లాంగ్ ఐలండ్ వద్ద దీవులను దాటింది. దానికే హుద్‌హుద్ అని పేరు. బంగాళాఖాతం మీద బలపడి, 12వ తేదీ ఆదివారం విశాఖపట్నం మీద విరుచుకుపడింది. మధ్య అండమానులోని తెలుగువాడి స్థితిని ఆలోచించండి. తన కప్పు నిలిచిందని బుధవారం దేవునికి స్తోత్రం చెప్పుకొన్నాడనుకొందాం. ఆదివారానికి అదే గాలి అంతకంటె ఎన్నోరెట్లు భీకరమై అతని తల్లి ఉన్న ఊరిని కొట్టింది. బుధవారం చెప్పిన స్తోత్రం ఆదివారం ఏమైనట్లు?

"మమ్మల్ని తప్పించావు" అనే కృతజ్ఞతలో, తప్పించబడనివారి మాట ఉండదు. అందుచేతనే అది అసంపూర్ణం. 2004 డిసెంబరు 26న, క్రిస్మసు మరునాడు, సునామీ నికోబారు దీవులను ముంచినప్పుడూ ఇదే ప్రశ్న వచ్చింది. మరణించినవారు తక్కువ ప్రేమకు పాత్రులా? క్రైస్తవ విమోచన భావనను దాని మూలంలో చదివినవారు అట్లా అనలేరు. అక్కడ విమోచకుడు తానే తప్పించుకోలేదు. తప్పించుకోకపోవడమే చెల్లించిన వెల. అట్టి విమోచనకు చెప్పే కృతజ్ఞత సుఖపడినవాడి సంతృప్తిగా ఉండదు. మునిగినవారి పక్షాన నిలబడడంగా ఉంటుంది. బుధవారం స్తోత్రం చెప్పినవాడు ఆదివారం తన ఊరికీ, పేరు తెలియని పక్క ఊరికీ చేతనైన సాయం పంపినప్పుడు అతని స్తోత్రం పూర్తి అవుతుంది.

ప్రారంభంలోని ప్రశ్నకు సమాధానం ఇక్కడికి చేరుతుంది. పౌలు రోమీయులకు వ్రాసిన పత్రికలో తాను గ్రీకులకూ గ్రీకులు కానివారికీ ఋణస్థుడనని చెప్పుకొన్నాడు. వారు అతనికి ఇచ్చినదేమీ లేదు. ఇచ్చినవాడు దేవుడు, ఋణపడినది మనుషులకు! ఆ పత్రికలోనే మరొకచోట, ఎవరికీ ఏ బాకీ ఉంచుకోవద్దనీ, ఒకరినొకరు ప్రేమించడమన్న బాకీ మాత్రం ఎన్నటికీ మిగిలే ఉంటుందనీ బోధించాడు. అంటే దైవం దగ్గర ఉన్న బాకీ చెల్లింది. దానిమీద భయపడవలసిన పని లేదు. కాని ఆ చెల్లింపుచేత దైవం మానవునికి బంధువైనాడు. జారిపోయిన గోయేల్ భావం ఇక్కడ తిరిగివస్తుంది. బంధువు బంధువులందరూ తనకు బంధువులే గనుక, వారిపట్ల తీరని బాధ్యత ఏర్పడింది. తెలుగులో దీనికి సిద్ధంగా ఉన్న మాట ఋణానుబంధం. అందులో ఋణం ఖాతాను విడిచి బంధంలో చేరిపోయింది. "ఋణపడి ఉన్నాను" అనే తెలుగువాడు బాకీని ఒప్పుకోవడం లేదు, బంధాన్ని ఒప్పుకొంటున్నాడు. తీరిన ఋణమూ తీరని కృతజ్ఞతా పరస్పర విరుద్ధాలు కాకపోవడానికి కారణమిదే.

భక్తిగీతాలు వ్రాసే తెలుగు రచయితలకు దీనినుండి ఒక సూచన లభిస్తున్నది. రక్తం, వెల, విడుదల అనే మాటలు పదే పదే పాడినందువల్ల అరిగిపోతాయి. వాటికి తిరిగి పదును రావాలంటే, అవి ఏ జీవితం నుండి వచ్చినవో ఆ జీవితంలోకి వాటిని తీసుకొనిపోవాలి. వల తాకట్టు పెట్టినవాడి అప్పులోకి, ద్వీపాంతరం వచ్చినవాడి చీటీలోకి, పొలం పోగొట్టుకొని దేశం మారినవాడి కొత్త ఊరిపేరులోకి తీసుకొనిపోవాలి. రంగత్ వంటి చోటుల నుండి వచ్చే తెలుగు రచన కొద్దిగానే ఉండవచ్చును. అందులో ఈ మాటలకు అనుభవం తోడై ఉంటుంది.

లూకా సువార్తలో పదిమంది కుష్ఠరోగులు బాగుపడిన కథ ఉన్నది. తొమ్మండుగురు తమ దారిని పోయారు. ఒక్కడు వెనుదిరిగి వచ్చి కృతజ్ఞత చెప్పాడు. అతడు సమరయుడు, ఆ ప్రజలకు పరాయివాడు. బాగుపడడం పదిమందికీ సమానమే. స్వస్థపరచినవాడి ముఖం మళ్ళీ చూడాలనిపించినది ఒక్కడికే. సువార్తికుడు అతని పేరు చెప్పలేదు, ఊరు చెప్పలేదు. తిరిగివచ్చాడని మాత్రం చెప్పాడు.